స్కెడాడిల్‌కి ఒక ఉదాహరణ

తెనాలిలో బర్నబాసు మాస్టారు, లక్ష్మీనరసింహం పంతులుగారు కలిసి ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు మొదలుపెట్టినప్పుడు ఊళ్లో నవ్వనివాడు లేడు. ఒకరు లూథరన్ బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఇంకొకరు సంస్కృతం తప్ప మిగతావీ ఒక భాషలేనా అనే రకం. అయినా ఎనభై ఆరు నాటికి 'ఎస్' అక్షరం దాకా లాక్కొచ్చారు. వాళ్ల పద్ధతి ఒకటే. అర్థం మాస్టారు రాయాలి, తెలుగులో ఉదాహరణ పంతులుగారు చెప్పాలి. అదీ తెనాలిలో నిజంగా జరిగిన సంగతై ఉండాలి. జరగనిదాన్ని పంతులుగారు చచ్చినా ఒప్పుకునేవారు కాదు, అంత మొండి.

సరిగ్గా అప్పుడే పంతులుగారి అమ్మాయి మంగతాయారు, మాస్టారి అబ్బాయి ఏసుబాబు రేపల్లెలో రిజిస్టరు పెళ్లి చేసుకుని బాపట్లలో కాపురం పెట్టారు. పంతులుగారు రావడం మానేశారు. ఆ పిల్ల లేచిపోయిందని ఊరంతా కోడై కూసింది. మాస్టారికి కొడుకు మీద కోపం లేదు, కోడలంటే ముద్దే. కానీ సాయంత్రమయ్యేసరికి వాదించే మనిషి లేక ప్రాణం ఉసూరుమనేది.

పని 'స్కెడాడిల్' అనే మాట దగ్గర ఆగింది. బెదిరి కాలికి బుద్ధి చెప్పడమని దానర్థం. "ఆ ఒక్కటీ తీసేద్దామండి, అచ్చు ఆగిపోయింది" అన్నాడు ప్రెస్సు కోటయ్య. మాస్టారు వినలేదు. ఉదాహరణ తనే రాసుకోవచ్చు. రాస్తే ఇక పంతులుగారితో పని లేదని ఒప్పుకున్నట్టే. గుండె చిక్కబట్టుకుని, ప్రూఫు పట్టుకుని ఆయనింటికి వెళ్లారు.

పంతులుగారు అరుగు మీదే ఉన్నారు. పలకరించలేదు గానీ పొమ్మనీ అనలేదు.

"ఏంటండి ఆ కాగితం?"

"స్కెడాడిల్ అండి. పారిపోవడమే. కాకపోతే బజారుమాట."

"ఎక్కణ్ణించొచ్చింది?"

పాత ప్రశ్న వినగానే మాస్టారి ప్రాణం లేచొచ్చింది. "ఖాయంగా ఎవరికీ తెలీదండి. అమెరికావాళ్లు వాళ్లలో వాళ్లు కొట్టుకున్నప్పుడు, అవతలి సిపాయిలు పరిగెత్తితే ఇవతలివాళ్లు ఎగతాళిగా అనేవాళ్లంట. పేపర్లవాళ్లు దాన్ని దేశమంతా తిప్పారు. గ్రీకులోంచి వచ్చిందన్నారు కొందరు పండితులు. కాదు, స్కాట్లండులో పాలు ఒలికిపోతే అనే మాటన్నారు ఇంకొందరు."

"పండితులు ఎక్కడైనా మాలాంటివాళ్లేనన్నమాట. ఏ మాటకైనా మా ఇల్లే పుట్టిల్లంటారు." పంతులుగారు నవ్వబోయి ఆగారు. "తిట్టా అది?"

"కాదండి, వేళాకోళం. పరిగెత్తినవాడు కూడా తర్వాత నవ్వుకోగలడు."

పంతులుగారు ప్రూఫు మీదికి వంగి ఆ మాట మీద వేలు పెట్టారు. మాస్టారికి భయం పట్టుకుంది. ఈ మాట పక్కన ఆయన కూతురి పేరు పెట్టమంటే? అచ్చులో, ఊరందరి ముందూ? అలా అన్నారా, పుస్తకం అక్కడితో సరి, ముప్పై ఏళ్ల స్నేహమూ అక్కడితో సరి.

"మా అమ్మాయి పారిపోలేదండి" అన్నారు చివరికి పంతులుగారు. "పొద్దున్నే కాఫీ ఇచ్చి, పెళ్లికొడుకు పేరు చెప్పి, తేదీ చెప్పి, పట్టపగలు బస్సెక్కింది. నేనే పుస్తకంలోంచి తలెత్తలేదు. ఆ ఉదాహరణ చెల్లదు."

"మరి?"

"రాసుకోండి." ఆయన గొంతు సవరించుకున్నారు. "మొన్న కూరల మార్కెట్లో వియ్యంకుడు ఎదురొస్తుంటే చూసి, లక్ష్మీనరసింహం కొన్న దొండకాయలు కొట్లోనే వదిలేసి పక్కసందులోకి ఉడాయించాడు."

మాస్టారి కలం వియ్యంకుడు అన్న మాట దగ్గర ఆగిపోయింది. కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు.

"ఏంటండీ ఆగారు? నిజంగా జరిగిందే!"

"సరిగ్గా వినబళ్లేదండి. ఇంకోసారి చెప్తారా?"

మాస్టారి చెవులు భేషుగ్గా ఉన్నాయని పంతులుగారికి తెలుసు. అయినా ఆయన ఈసారి మాట మాటా విడగొట్టి, ఎదురింటి అరుగు మీదివాళ్లు కూడా తలతిప్పి చూసేలా, గట్టిగా చెప్పారు.