దొంగ ఉతుకుడు

శుభ్రంగా ఉన్న దుప్పటిని మళ్ళీ నీళ్ళలో ముంచుతుంటే ఆమెకి కొంచెం నవ్వొచ్చింది, కొంచెం సిగ్గేసింది. మొన్ననే ఉతికి మడతపెట్టిన దుప్పటి అది. దానిమీద ఎవరూ పడుకోను కూడా లేదు. కానీ మేడ మీదకి వెళ్ళాలంటే చేతిలో ఏదో ఒక పని ఉండాలి. ఊరికే మెట్లెక్కితే "ఎక్కడికమ్మా?" అని అత్తగారు, "ఏమైంది?" అని భర్త, "నేనూ వస్తా" అని కూతురు. తడిబట్టల బకెట్ పట్టుకుంటే మాత్రం ఎవరూ తలెత్తి చూడరు.

మహమ్మారి వచ్చి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టింది, ఆమెని తప్ప. పడకగది భర్తకి ఆఫీసైంది, హాలు కూతురికి బడైంది. బ్యాంకు ఖాతాదారుల ఫోన్లకి జవాబు చెప్పే ఆమె ఉద్యోగానికి వంటింటి గట్టు మిగిలింది. "మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ" అని ఎవరినో బుజ్జగిస్తూనే కుక్కర్ కింద మంట తగ్గించేది. ఒక మధ్యాహ్నం అలా బుజ్జగిస్తూ ఉండగానే ఊపిరి అందలేదు. గుండె దడదడలాడింది, చేతులు వణికాయి. ఇంటిల్లిపాదీ హడలిపోయారు. పరీక్ష చేయిస్తే ఆ జబ్బు కాదని తేలింది. డాక్టరమ్మ ఫోన్లోనే అంతా ఓపిగ్గా విని, "ఇది ఆందోళనమ్మా. మందుల సంగతి తరవాత చూద్దాం. ముందు రోజూ కాసేపు ఒక్కరే నడవండి. ఒంటికోసం కాదు, మనసుకోసం" అంది.

"తను అసలు కూర్చుంటే కదా డాక్టర్‌గారూ!" అన్నాడు పక్కనుంచి భర్త, మెచ్చుకోలుగా. "ఇంటిపనిని మించిన వ్యాయామం ఏముంది?"

ఆయన వ్యాయామానికి మాత్రం పొద్దున్నే హాల్లో చాప, ఎదురుగా వీడియో. అది అయ్యేదాకా ఇల్లంతా గప్‌చుప్. పోనీ గట్టిగా కోప్పడదామా అంటే మనసొప్పదు, అదీ ఆమె తిప్పలు. ఆమెకి ఊపిరాడనప్పుడు పాదాలు రుద్దుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చిన మనిషాయన.

అందుకే ఈ దొంగ ఉతుకుడు. బట్టలు ఆరేసి, ఆ దండేల పక్కనే ఈ చివరినుంచి ఆ చివరికి నడిచేది. మొదట్లో భయాలన్నీ ఆమె వెంటే నడిచేవి. అమ్మకి జ్వరమొస్తే, ఉద్యోగం ఊడితే, పిల్ల చదువు ఇలాగే అటకెక్కితే... కాసేపటికి వీపు చెమట పట్టేది. రేపటి వంట, ఫోన్లో ఎవరో తిట్టిన తిట్లు, ఒక్కొక్కటే వెనకబడిపోయేవి. తన ఊపిరి తనకి వినపడేది. పెళ్ళయినప్పటినుంచి ఆ చప్పుడు విన్న గుర్తే లేదు ఆమెకి. కిందికి దిగేసరికి అందరిమీదా ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చేది. అత్తగారి ఆరాలు కూడా ముద్దొచ్చేవి.

ఇవాళ దుప్పటి పిండుకుని బయటికొచ్చేసరికి బాల్కనీలో భర్త స్టూలెక్కి నిలబడి ఉన్నాడు. గోడకి మేకులు కొట్టి నైలాన్ తాడు లాగి కడుతున్నాడు. అత్తగారు స్టూలు కదలకుండా రెండు చేతులా పట్టుకుంది.

"నీకోసమే!" అన్నాడు ఆయన మొహం వెలిగిపోతుండగా. "క్రిములంటే భయపడి ఉతికినవే ఉతుకుతున్నావని నాకు తెలుసులే. వద్దంటే బాధపడతావు. కనీసం ఆ మెట్లెక్కే శ్రమైనా తప్పిద్దామని."

"పొద్దుటినుంచీ వాడికి ఇదే ధ్యాస. వేలు కూడా చితక్కొట్టుకున్నాడు" అంది అత్తగారు మురిసిపోతూ.

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఎంత ప్రేమగా దారి మూసేశారు! ఇక ఏ వంక పెట్టాలి? కర్టెన్లా? దిండ్లు ఎండలో వెయ్యాలనా? వెతికితే ఇంకో అబద్ధం దొరక్కపోదు. కానీ ఇంత ప్రేమించే మనుషులకి అబద్ధాలు చెబుతూ ఎన్నాళ్ళు దొంగచాటుగా ఊపిరి పీల్చుకోవాలి? ఆ ఆలోచనకే ఒక్కసారిగా అలసటొచ్చేసింది.

ఆయన స్టూలు దిగగానే దగ్గరికెళ్ళి వేలు పట్టుకుని చూసింది. కమిలిపోయిన చోట ఉఫ్ అని ఊదింది. తడి దుప్పటి ఆయన భుజానేసి, "తాడు బాగుంది. మీరే ఆరేయండి" అని చెప్పులేసుకుంది.

"ఎక్కడికమ్మా?" అంది అత్తగారు.

"మేడ మీదకి."

"బట్టలు ఇక్కడే ఆరేస్తున్నాంగా. ఇప్పుడు పైన నీకేం పని?" అన్నాడు భర్త, అయోమయంగా.

ఆమె మొదటి మెట్టు మీద ఆగి, ఆయన వైపు తిరిగి, చాలా రోజుల తరవాత మనసారా నవ్వింది.

"ఏ పనీ లేదండీ. అందుకే వెళ్తున్నా."