గోడ అవతలి సలహా

తెల్లవారుజామున రౌటర్ తనంతట తానే అప్‌డేట్ అయింది. దాని నెత్తిన నీలం దీపం మాత్రం ఏమీ ఎరగనట్టు వెలుగుతూనే ఉంది. అల్లుడి ల్యాప్‌టాప్‌లో నెట్ వస్తోంది. కూతురి ఫోన్‌లోనూ వస్తోంది. రానిదల్లా మాస్టారి పాత ట్యాబ్‌లోనే. ఒక్కరికే రాకపోతే అది నెట్ సమస్య కాదు, ఆ మనిషి సమస్య అని ఇంట్లో అప్పటికే తీర్మానమైపోయింది.

"ఏదో నొక్కి ఉంటావు నాన్నా," అంది కూతురు ఆఫీసుకు వెళ్తూ, చెప్పులేసుకుంటూ.

"నొక్కడానికి అది నన్ను లోపలికే రానివ్వడం లేదే."

"అయితే రానివ్వకుండా ఉండేది నొక్కి ఉంటావు."

ముప్ఫై ఒక్క ఏళ్ళు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పిన మనిషికి ఆ మాట చెప్పి ఆమె మెట్లు దిగిపోయింది.

ట్యాబ్‌లో ఉన్నది చదరంగం. అవతలి ఆటగాడు మాస్టారి కాలేజీలోనే లైబ్రేరియన్‌గా చేసి రిటైరై, ఇప్పుడు వేరే ఊళ్ళో ఉంటున్నాడు. ఒక్కో ఎత్తుకు ఒక్క రోజు గడువు. నాలుగేళ్ళలో మాస్టారు ఒక్క ఆటా గెలవలేదు. ఈసారి మాత్రం మంత్రిని ఒక్క గడి జరిపితే చాలు, లైబ్రేరియన్ రాజుకు దిక్కులేదు. ఆ సంగతి నిన్ననే కనిపెట్టారు. కానీ అంత మంచి ఎత్తును వెంటనే వేసేస్తే ఆనందం ఒక్క పూటకే సరిపోతుందని, పొద్దున్నకి అట్టేపెట్టుకున్నారు. గడువు మధ్యాహ్నం పన్నెండింటికి.

ఆట పాస్‌వర్డ్ ఆ ట్యాబ్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు. మాస్టారి చేతిలో ఉన్నది బటన్ల ఫోను. దాంతో లైబ్రేరియన్‌కి ఫోన్ చేసి ఇంకో రోజు ఇవ్వమని అడగవచ్చు. అలా అడగడం కన్నా ఓడిపోవడమే నయమనిపించింది.

అల్లుడు చేసేది ఇంటర్నెట్ కంపెనీ హెల్ప్‌లైన్‌లో ఉద్యోగం. ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా పక్కగదిలో తలుపేసుకుని, చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని, జనం రౌటర్లు బాగుచేస్తుంటాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని తెలిసీ మాస్టారు తలుపు కొంచెం తీశారు.

"అల్లుడుగారూ, ఒక్క నిమిషం."

"డ్యూటీలో ఉన్నాను మామయ్యగారూ. ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి."

"రౌటరా?"

"అయ్యో, అది ముట్టుకోకండి. నా కాల్స్ తెగిపోతాయి. పోయిన నెలే రెండు తెగాయని మాట పడ్డాను. ట్యాబ్ ఆఫ్ చేయండి."

ట్యాబ్‌ను మూడుసార్లు ఆపి, మళ్ళీ ఆన్ చేశారు. వైఫై పాస్‌వర్డ్ ఒక్కో అక్షరమూ కూడబలుక్కుంటూ ఏడుసార్లు కొట్టారు. ట్యాబ్‌ను తీసుకెళ్ళి రౌటర్ పక్కనే కూర్చోబెట్టారు. పేరు కనిపిస్తోంది, పిలిస్తే పలకడం లేదు. పదకొండున్నర అయింది.

అప్పుడు గోడ అవతలి నుంచి అల్లుడి గొంతు వినిపించింది.

"లేదమ్మా, మీ తప్పేం లేదండి. మీరేం నొక్కలేదు. అప్‌డేట్ వచ్చాక పాత ఫోన్లన్నిటికీ ఇదే ఇబ్బంది."

ఇంత తేనె ఈ ఇంట్లో ఏ మూల దాచారో మాస్టారికి అర్థం కాలేదు. కాగితం, పెన్సిలు తీసుకుని, కుర్చీని గోడ దగ్గరికి లాక్కున్నారు.

"సెట్టింగుల అడ్రసూ పాస్‌వర్డూ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద సన్న అక్షరాలతో ఉంటాయి, చూడండి. కళ్ళజోడు తెచ్చుకుంటారా? తెచ్చుకోండమ్మా, తొందరేం లేదు."

ఆ సందులో మాస్టారు కూడా తన కళ్ళజోడు తెచ్చుకున్నారు. హాల్లో ఉన్న పాత కంప్యూటర్‌కి రౌటర్ నుంచి వైరు ఉంది. ముఖమైనా తెలియని ఆ పెద్దావిడ వెనకే ఒక్కో అడుగు వేస్తూ, రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్ళారు. ఆవిడ తడబడినప్పుడల్లా అల్లుడు మళ్ళీ చెప్పేవాడు. మాస్టారికి రెండోసారి వినడం అవసరమైన ప్రతిచోటా ఆవిడ తడబడి పుణ్యం కట్టుకుంది.

"భద్రత అన్నచోట కొత్త రకం తాళం ఒక్కటే పెట్టేసి ఉంటుంది. మీ ఫోన్‌కి ఆ తాళం తెలియదు. కింద 'పాతదీ కొత్తదీ' అని ఉంది కదా, అది ఎంచుకోండి. ఇక సేవ్ నొక్కండి. రౌటర్ రెండు నిమిషాలు ఆగి మళ్ళీ మొదలవుతుంది."

మాస్టారి వేలు సేవ్ మీదికి వెళ్ళి ఆగింది. పదకొండూ యాభై ఒకటి. ఇప్పుడు నొక్కితే ట్యాబ్ బతుకుతుంది, గోడ అవతల కాల్ చస్తుంది. అల్లుడికి మాట వస్తుంది. ఆ పెద్దావిడ మళ్ళీ మొదటి నుంచి క్యూలో నిలబడాలి.

కాల్ అయిపోగానే నొక్కుదామనుకున్నారు.

"వచ్చిందా అమ్మా? సంతోషం. ఆఁ, ఫొటోలు ఎక్కడికీ పోవు. టీవీకి కూడానా? చెప్తాను, రాసుకోండి."

యాభై అయిదు. యాభై ఎనిమిది. ఆవిడకి ఇంట్లో టీవీ కాక ఇంకో పాత ఫోను కూడా ఉంది. పన్నెండు దాటింది. పన్నెండూ ఆరుకి "ఉంటానమ్మా" అని వినబడింది. మాస్టారు సేవ్ నొక్కారు.

అల్లుడు హెడ్‌సెట్ మెడలో వేసుకుని బయటికొచ్చాడు.

"నెట్ పోయింది. ఏం చేశారు మామయ్యగారూ?"

"మీరు చెప్పిందే చేశాను. ఆవిడకి చెప్పింది."

అల్లుడు బల్ల మీది కాగితం చూశాడు. తన మాటలే, వరుస నంబర్లతో, అడుగున గీత గీసి ఉన్నాయి.

"మీకూ చెప్పవలసింది," అన్నాడు.

"చెప్పారుగా. మా పాలిటెక్నిక్ కుర్రాళ్ళకి నేనెప్పుడూ అంత ఓపిగ్గా చెప్పలేదు."

నీలం దీపం తిరిగి వెలిగింది. ట్యాబ్ మారుమాట్లాడకుండా వైఫైలో చేరింది. తెర మీద ఒకే వాక్యం: గడువు ముగిసింది, మీరు ఓడిపోయారు.

బటన్ల ఫోన్ మోగింది. లైబ్రేరియన్.

"ఏమయ్యా, బతికే ఉన్నావా?"

"ఉన్నాను. వైఫై పోయింది."

"పొద్దుటి నుంచి నీ మంత్రి కోసమే చూస్తూ కూర్చున్నాను. ఒక్క గడి జరిపితే నా పని అయిపోయేది."

"తెలుసు."

"తెలిసీ జరపలేదా?"

పక్కగది తలుపు మళ్ళీ మూసుకుంది. లోపల అల్లుడు ఇంకెవరికో నమస్కారం చెబుతున్నాడు.

"ఫోన్లో ఎవరో మాట్లాడుతున్నారు. మధ్యలో తెంచడం బాగుండదని ఆగాను."

లైబ్రేరియన్‌కి ఒక్క ముక్కా అర్థమైనట్టు లేదు. "గెలిచాను గానీ, రుచి లేదయ్యా," అన్నాడు.

"రుచి సాయంత్రానికి వస్తుందిలే," అని మాస్టారు కొత్త ఆటకు బంటును జరిపారు. ఈసారి ఆలోచన పూర్తికాకముందే జరిపారు.