మాట మధ్యలో మూసుకున్న తలుపులు

మూడేళ్ళుగా ఒక గేమ్ తయారుచేస్తున్నాను. అందులో పదకొండు అంతస్తుల భవనంలో లిఫ్ట్ నడిపే మనిషి మీరు. ఎక్కినవాళ్ళ మాటలు విని, వాళ్ళ గుట్టు పట్టాలి. గేమ్ బాగుంటే జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారని నా ధీమా. చెవిలో ఊదితే తప్ప ఎవరూ రారని మా బావ వాదన. తయారీ నాది, ప్రచారం బావది. ఇద్దరికీ క్షణం పడదు.

డెమో విడుదలై నాలుగు రోజులైంది. పాత ఆఫీసులో మళ్ళీ చేరతానో లేదో శుక్రవారం సాయంత్రంలోగా చెప్పాలి. చేరితే గేమ్ అటకెక్కినట్టే.

బావ చేసిన ట్రైలర్ చూసి నాకు ఒళ్ళు మండింది. ఢాం ఢాం సంగీతం, తెగిపడే లిఫ్ట్, ఉరుకులు పరుగులు.

"ఇదెక్కడి గేమ్ బావా? మనదైతే కాదు!"

"చివర్లో ఒకసారి లిఫ్ట్ తెగుతుందిగా!"

ఆ ట్రైలర్ చూసి తొమ్మిదొందల మంది వచ్చారు. నాలుగు నిమిషాల్లో దాదాపు అందరూ జారుకున్నారు.

"చూశావా నీ ప్రచారం?" అన్నాను.

"నన్నంటావేం మరదలా? ఇంటికొచ్చిన వాళ్ళ చేతిలో, గేమ్ మొదలవకముందే ఎనిమిది పేజీల సూచనలు పెట్టిందెవరు?"

పెట్టింది నేనే. అవి రాయడానికి నాకు నెల పట్టింది మరి.

గురువారం మా అక్క ఆసుపత్రి డ్యూటీ దిగి వచ్చి ఆడటానికి కూర్చుంది. నర్సు కదా, కాగితాలంటే విసుగు. సూచనలన్నీ టకటకా దాటేసింది. రెండో అంతస్తులో భార్యాభర్తలు ఎక్కారు. "ఆ ఉత్తరం చించింది నేనే, ఎందుకంటే..." అంటూనే భార్య దిగిపోయింది. తలుపులు మూసుకున్నాయి.

"అయ్యో! ఎందుకు చించిందే? చెప్పవే!" అని అక్క నా జబ్బ పట్టుకుని ఊపేసింది.

నేనూ బావా మొహమొహాలు చూసుకున్నాం. సూచనలన్నీ పీకేసి, గేమ్ ఆ తలుపుల దగ్గరే మొదలయ్యేలా మార్చాను. బావ ట్రైలర్‌లోనూ అదే పెట్టాడు. భార్య మాట, తలుపులు, అంతే. ఒక్క ముక్క కల్పించలేదు.

శుక్రవారం సాయంత్రానికి వచ్చింది మూడొందల మందే. కానీ సగానికి పైగా డెమో చివరిదాకా ఆడారు. ఆ ఉత్తరం గురించి వాళ్ళు రాసిన ప్రశ్నలు బావ పైకి చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. అంతలో పాత ఆఫీసు మేనేజర్ ఫోన్ చేశాడు.

"ఏమంటారు, చేరుతున్నారా?"

"లేదండీ. ఆ ఉత్తరంలో ఏముందో నేనింకా రాయలేదు. జనం అడుగుతున్నారు."