అడ్డబల్ల మీద పేరు

దేదీప్య ఎవరితోనూ అబద్ధమాడలేదు. న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరోకి వచ్చిన కొత్తలో, తెలుగువాళ్ళు తలా ఒక వంటకం తెచ్చుకున్న ఒక పాట్‌లక్‌లో, పులిహోర వడ్డిస్తూ లక్ష్మీపతిగారి భార్య, మీవాళ్ళేం చేస్తారమ్మా అని ఆరా తీసింది. చేపలండీ, అంది దేదీప్య. ఆవిడ ముఖం చేటంత అయింది. చేపలంటే ఆవిడకి తెలిసినవి భీమవరం వైపు చెరువులూ, గట్టు మీద నిలబడి ఫోన్‌లో రేటు మాట్లాడే ఆసాములూ. అయితే మనవాళ్ళేనన్నమాట, అని ఇంకో గరిటె వేసింది. ఆ గరిటెతో దేదీప్య కులం ఖరారైపోయింది.

దిద్దుదామనుకునేలోపు భర్త జితేందర్ కళ్ళతోనే వారించాడు. అతని హెచ్-వన్ ఉద్యోగ వీసా లక్ష్మీపతిగారి కంపెనీ మీద ఉంది. తరవాత గ్రీన్‌కార్డ్ ఫైలింగ్ కూడా అక్కడే పడింది. జితేందర్ కరీంనగర్ కుర్రాడు, ఆమెని ప్రేమించి, ఇంట్లో అందరితో పోట్లాడి పెళ్ళి చేసుకున్నవాడు. అంత పోట్లాడినవాడు అమెరికా వచ్చాక పిల్లిలా అయిపోయాడు. కార్డ్ వచ్చేదాకా ఊరుకుందాం అనేవాడు. మనవాళ్ళ గ్రీన్‌కార్డ్ క్యూ ఎంత పొడుగో తెలిసినవాళ్ళకి ఆ మాట విని నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఉద్యోగం చెయ్యనివ్వని హెచ్-ఫోర్ వీసా మీద ఇంట్లో కూర్చుని కూర్చుని విసిగిపోయి, దేదీప్య జెర్సీ తీరంలో ఒక చిన్న పడవల మ్యూజియంలో వాలంటీర్‌గా చేరింది. వందేళ్ళ కిందట నార్వే నుంచి వలస వచ్చిన జాలర్లు, రేవు లేని ఆ ఇసుక తీరం మీంచే అలల్లోకి తోసుకుపోయిన పడవలుండేవి. అచ్చం అలాంటిదే అక్కడ కొత్తగా కడుతున్నారు. పలుచటి చెక్కలని ఒకదాని అంచు మీదకి ఒకటి ఎక్కించి రాగి మేకులతో బిగిస్తారు. మొదటిరోజు సుత్తి పట్టుకోగానే దేదీప్యకి ఏడుపొచ్చింది. చెక్క వాసనా, ఉప్పుగాలీ కలిసి అచ్చం తను పుట్టిన పూడిమడక ఒడ్డున నిలబడ్డట్టే ఉంది.

పడవ కట్టే ఆ షెడ్‌కి పెద్ద హాల్వర్సన్ అనే ముసలాయన. ఆయన ముత్తాత వేట నుంచి తిరిగొస్తే కంపు కొడుతున్నాడని ఊళ్ళో తిరిగే ట్రాలీ బండి ఎక్కనిచ్చేవాళ్ళు కాదట. తాత సిగ్గుపడి ఇంటిపేరు సగానికి కోసేసుకున్నాడట. ఇప్పుడు మునిమనవడు ఆ పేరు మొత్తం టోపీ మీద కుట్టించుకుని తిరుగుతున్నాడు. ఆ సిగ్గు పోవడానికి మూడు తరాలు పట్టిందని ఆయన నవ్వుతూ చెప్పాడు. దేదీప్యకి మాత్రం ఒళ్ళు మండింది. మూడు తరాలు కాచుకుని కూర్చునే ఓపిక తనకెందుకుండాలి?

ఆ షెడ్‌లో ఒక ఆచారం ఉంది. పడవలో కూర్చునే అడ్డబల్లని ఎవరు చేస్తే వాళ్ళు, తమ ఇంట్లో సముద్రం మీదకి వెళ్ళిన మనిషి పేరు దాని మీద చెక్కాలి. అందరి బల్లల మీదా పేర్లు పడ్డాయి. దేదీప్య చేసిన బల్ల ఒక్కటే బోడిగా ఉంది. పడవని నీళ్ళలోకి దింపే రోజు దగ్గర పడింది. జితేందర్ బతిమాలాడు, నీ పేరే చెక్కుకోరాదా అన్నాడు. సముద్రం మీదకి వెళ్ళింది నేను కాదు కదా, అందామె. ఆ మాట మీద ఇద్దరూ ముఖాలు మాడ్చుకుని తిరిగారు.

ఆ ఆదివారం లక్ష్మీపతిగారు జితేందర్‌ని వెంటబెట్టుకుని షెడ్‌కి వచ్చారు. తెలుగు అసోసియేషన్ సావనీర్‌లో దేదీప్య ఫోటో వెయ్యాలని ఆయన ముచ్చట. పడవ చుట్టూ తిరిగి, పేర్లన్నీ చదివి, ఖాళీ బల్ల దగ్గర ఆగారు.

"ఇది నీదేనా అమ్మా? మన అసోసియేషన్ పేరు చెక్కించెయ్యి. ఎలాగూ మనవాళ్ళలో వలలేసుకు బతికినవాళ్ళు ఎవరుంటారు?"

ఆయన హాయిగా నవ్వారు. దేదీప్య జితేందర్ వైపు చూడలేదు. చూస్తే ఆగిపోతానని తెలుసు. ఉలి తీసుకుని, పెన్సిల్ గీతలైనా లేకుండా, తెలుగులో చెక్కడం మొదలుపెట్టింది. మైలపల్లి ఎర్రయ్య. ఇంటిపేరు పూర్తయ్యేసరికే లక్ష్మీపతిగారి నవ్వు ఆగిపోయింది. ఇంటిపేరు వినగానే కులం చెప్పగల విద్య ఆయనకి బాగా వచ్చు.

"ఇదేంటమ్మా? మీకు భీమవరం వైపు చెరువులన్నారు కదా?"

"మీరన్నారండీ. నేననలేదు." ఆ పైన ఆమె నోట వచ్చిన యాస న్యూజెర్సీలో ఎవరూ విని ఉండరు. "మా నాన్న తెప్ప మీద ఏటకెల్లీవోడు. మా యమ్మ గంప నెత్తినెట్టుకుని ఈది ఈదీ తిరిగి అమ్మీది. మేం చేపలోళ్ళం."

లక్ష్మీపతిగారు ఫోటో కోసం తీసిన ఫోన్ జేబులో పెట్టుకున్నారు. ఆమెతో మాట్లాడటం మానేసి జితేందర్ వైపు తిరిగారు. ఇలాంటివి ముందే చెప్పాల్సిందయ్యా అన్నారు. ఇంకా పైపైనే ఉంది, శాండ్‌పేపర్ కొడితే పోతుంది, ఆ తరవాత ఫోటో తీసుకుందాం అన్నారు. నీ ఫైల్ సంగతి కూడా మండే ఆఫీస్‌లో మాట్లాడుకుందాం, అని నెమ్మదిగా ముగించారు.

దేదీప్య ఉలి కిందకి దించింది. మొగుడి ఉద్యోగం, ఇల్లు, ఈ దేశంలో ఉండే హక్కు, అన్నీ ఒక్క చెక్క మీద పెట్టేసింది, అతన్ని అడగకుండానే. భయం వేసింది. అయినా ఆ పేరు చెరపడానికి ఆమె ప్రాణం ఒప్పుకోలేదు. చెరిపితే జితేందరే చెరపాలి.

జితేందర్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. మెల్లిగా వచ్చి బల్ల మీదకి వంగాడు. అక్షరాల్లో చిక్కుకున్న చెక్కపొట్టుని నోటితో ఊదాడు. అప్పుడు లక్ష్మీపతిగారికి వినిపించేలాగే అన్నాడు.

"ఇంకింత లోతుగ చెక్కు. మామ పేరు ఉప్పునీళ్ళకు అరిగిపోతది."

అని, బల్ల కదలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. దేదీప్య ఉలిని మళ్ళీ మొదటి అక్షరం మీద ఆనించి, సుత్తితో గట్టిగా కొట్టింది.