మచ్చ పోతే

కుప్ప నూర్చేటప్పుడు ఎగిరిన వడ్లగింజ నా ఎడమ కంట్లో గుచ్చుకుంది. నా భార్య పేరు రామతులసి; ఊళ్లో అందరూ చేసినట్టే ఏదో ఆకుపసరు కంట్లో పిండింది. కన్ను పుండు పడి, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ మిగిలింది. అప్పట్నుంచి ఎక్కడికెళ్లినా ఆమె నా ఎడమ పక్కనే నడిచేది.

ఆమె పోయిన ఏడాదికి ఆ పక్కన ఒక ఆకారం కనిపించసాగింది. ఎక్కడ కూర్చున్నా ఎడమవైపు, లేతాకుపచ్చగా, కదలకుండా. మొదట్లో ఒళ్లు జలదరించేది. తర్వాత్తర్వాత ఆ పక్క ఎవరినీ కూర్చోనిచ్చేవాణ్ణి కాదు.

కుడికంట్లో శుక్లం ముదురుతోంది, ముందు ఎడమది బాగుచేయించుకోవాలని మా అమ్మాయి మంజుష రాజమండ్రి తీసుకెళ్లింది. డాక్టర్ దేవకుమారిగారు ఓపిగ్గా చెప్పారు. మచ్చ వల్ల కంటిపొర ఎగుడుదిగుడైంది, కళ్లద్దాలు పనిచేయవు. గట్టి కాంటాక్ట్ లెన్స్ అయితే రోజూ పెట్టుకుని, రాత్రికి తీసేయాలి. చనిపోయినవాళ్లు దానమిచ్చిన కంటిపొర దొరికితే ఆపరేషన్ చేసి మార్చవచ్చు. అది ఒంటికి పడితే మచ్చే ఉండదు, పడకపోనూవచ్చు.

ఆకారం సంగతి అడిగాను. మచ్చలో వెలుతురు చెదిరి అలా నీడలు పడతాయన్నారు. అంటే మచ్చ పోతే రామతులసీ పోతుంది.

లెన్స్ పెట్టి చూపించారు. గోడమీది చిన్న అక్షరాలు కూడా చదివాను. ఎడమకు తిరిగాను. ఖాళీ కుర్చీ.

"ఇది తీసేశాక నీడలు మళ్లీ వస్తాయాండీ?"

"వస్తాయి రాజుగారూ. ఆ ఇబ్బంది తప్పదు."

ఆ మాటకు ఆవిడకు దణ్ణం పెట్టాలనిపించింది. లెన్సే చాలన్నాను.

"ఏంటి నాన్నగారూ, జబ్బు కాస్త ఉంచమని డాక్టర్‌ని బతిమాలేది మీరొక్కరే," అంది మంజుష.

సాయంత్రం ఇంటికొచ్చి, లెన్స్ తీసి, అరుగు మీద కూర్చున్నాను. పక్కన ఆమె ఉంది. ఎందుకో ఎడమకన్ను అరచేత్తో మూసుకున్నాను. శుక్లం పట్టిన కుడికంటికి వీధీ, గేటూ అన్నీ మసకే. ఆమె మాత్రం స్పష్టంగా కనిపించింది, తల వంచుకుని.

లెన్స్ పెట్టకముందు కూడా ఆస్పత్రిలో ఆమె లేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ మచ్చ తను పోసిన పసరు వల్లేనని, బతికున్నప్పుడూ కంటి డాక్టరు గుమ్మం ఎక్కడానికి ఆమెకు మొహం చెల్లేది కాదు. నేను బయటికొచ్చేదాకా రోడ్డు మీదే నిలబడేది.

మంజుషను పిలిచి, ఆపరేషన్‌కే పేరు రాయించమన్నాను.

వంచుకున్న తల నెమ్మదిగా నావైపు తిరిగింది.