‘ర’ మీద తలకట్టు

అన్నదమ్ములు విడిపోవడానికి లోకంలో పొలాలున్నాయి, ఇళ్లున్నాయి, తోడికోడళ్లున్నారు. ఈ అన్నదమ్ములు మాత్రం తలకట్టు దగ్గర విడిపోయారు.

అన్న బోర్డులు రాసేవాడు. అక్షరాలన్నీ రాసి, కిందికి దిగి, దూరంగా నిలబడి చూసుకుని, మళ్లీ నిచ్చెనెక్కి అప్పుడు తలకట్లు పెట్టేవాడు. కుంచె అలా ఆనించి ఇలా విసిరితే తలకట్టు వచ్చి అక్షరం మీద కూర్చునేది. షాపులవాళ్లు బేరాలు మానుకుని మరీ చూసేవాళ్లు. తమ్ముడు కింద నిచ్చెన పట్టుకునేవాడు. నిచ్చెన పట్టుకున్నవాడి వంక ఎవరూ చూడరు. ఆ సంగతి పట్టుకున్నవాడికే తెలుస్తుంది.

చదువు మధ్యలో ఎగ్గొట్టిన ఆ తమ్ముడు పంతం పట్టి కంప్యూటర్ నేర్చుకున్నాడు. స్టిక్కర్లు కోసే మిషన్ తెచ్చి షాపు పెట్టాడు. సాఫ్ట్‌వేర్‌లో అక్షరం గీసి పంపితే, ఆ గీత వెంబడే చిన్న బ్లేడు నడిచి రంగు షీటును కోస్తుంది. అక్కర్లేని ముక్కలు పీకేస్తే అక్షరాలు మిగులుతాయి. మొదటి పని ఒక మందుల షాపు అద్దానిది. అప్పటి పాత ఫాంటులో అక్షరం ఒక ముక్క, తలకట్టు ఇంకో ముక్క. తెర మీద చూస్తే కలిసే ఉంటాయి గాని, కోసే ముందు రెండింటినీ వెల్డ్ చేసి ఒకే గీత చేయాలి. తమ్ముడికి ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. బ్లేడు దేని దారిన దాన్ని కోసుకుపోయింది. అద్దానికి అంటించి, అక్షరాల్ని పట్టి ఉంచిన పైకాగితం లాగేసరికి తలకట్లన్నీ కాగితంతో పాటు లేచొచ్చాయి.

"ఒరేయ్, పాపం ఈ అక్షరాలేం చేశాయిరా? అన్నిటికీ గుండు కొట్టించేశావు!" అన్నాడు అన్న.

సరదాకే అన్నాడు. కానీ మందుల షాపు నవ్వింది, పక్క షాపు నవ్వింది, చివరికి బజారంతా తమ్ముడికి ‘గుండక్షరాలు’ అని పేరు పెట్టేసింది. ఆ సాయంత్రం తమ్ముడు నిచ్చెన మోసుకెళ్లి అన్న గుమ్మంలో పడేశాడు. "నీ తలకట్లు నువ్వే పెట్టుకో" అని వచ్చేశాడు. ఆ తర్వాత ఎక్కడ ఎదురుపడినా ఒకడు చెప్పుల వంక చూసేవాడు, ఒకడు ఆకాశం వంక చూసేవాడు.

మిషనే గెలిచింది. అన్న రాసిన బోర్డులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. కొన్నింటిని తమ్ముడే స్వయంగా దించాడు, కాస్త సంతోషంగానే. ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. అన్నకి కుడిపక్క పడిపోయిందని తెలిసిన రోజు తమ్ముడు ఆస్పత్రికి వెళ్లాడు. గేటు దాకా వెళ్లి, బండి తిప్పుకుని వచ్చేశాడు.

అలాంటిది, ఒకరోజు పొద్దున అన్న కూతురు షాపులో అడుగుపెట్టింది.

"బాబాయ్, ఉన్నావా? లేక నన్ను చూసి మిషన్ వెనకాల దాక్కున్నావా?"

"నేనెందుకే దాక్కోడం? నీ ఇంట్లో కన్నమేమైనా వేశానా?"

"బట్టలు కుట్టే షాపు పెడుతున్నా. అద్దం మీదికి పేరు కావాలి. ‘కత్తెర’."

"కత్తెరా? జనం క్రాపు చేయించుకోడానికొస్తారు."

"రానీ. మొదటి క్రాపు నీకే చేస్తా," అని అతని బట్టతల వంక చూసి నాలుక్కరుచుకుంది. ఇద్దరూ నవ్వేశారు.

ఆమె మడత విప్పి కాగితం బల్ల మీద పరిచింది. "నాన్న రాశాడు, ఎడం చేత్తో. ఉన్నది ఉన్నట్టు కోయమన్నాడు. ఏమీ దిద్దొద్దన్నాడు."

"నా దగ్గరికే పొమ్మన్నాడా?"

"మరి? ‘వాడి దగ్గరికే తీసుకెళ్లు’ అన్నాడు. షాపు తెరిచే రోజు వస్తాడు కూడా. నువ్వూ ఉండాలి."

ఆమె వెళ్లాక తమ్ముడు చాలాసేపు ఆ కాగితం వంకే చూశాడు. అన్న మళ్లీ ఒరేయ్ అని పిలిస్తే చాలు, ఇంకేం అక్కర్లేదనిపించింది. కానీ అక్షరాలు అన్నవిలా లేవు. ‘క’ కుంటుతోంది. ‘త్తె’ వణికిపోతోంది. ‘ర’ మీది తలకట్టు అసలు అక్షరాన్ని తాకనే లేదు. ఎగిరిపోతున్న పిట్టలా పక్కకి జరిగి ఉంది. పాపం, అనుకున్నాడు. ఆ పాపంలో జాలి ఎంతో, చూశావా నీ గతి అన్నది ఎంతో అతనికే తెలీదు.

కాగితాన్ని స్కాన్ చేసి సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ కొట్టాడు. గీతల పొడుగునా బెల్లానికి చీమలు పట్టినట్టు పాయింట్లు. చెయ్యి వణికిన ప్రతిచోటా ఒక పాయింటు. స్మూత్ అనే మీటని పట్టి జరిపాడు. చీమలు తగ్గాయి. ఇంకాస్త జరిపాడు. ‘క’ కుంటడం మానేసి నిటారుగా నిలబడింది. వంపుల్ని తానే అక్కడక్కడా లాగి సర్దాడు. నిచ్చెన కింద నుంచి ఏళ్ల తరబడి చూసిన వంపులు, అతని కంటికి తెలియనివా? చూస్తుండగానే అన్న కుడిచెయ్యి తెర మీదికొచ్చింది. తమ్ముడికి కళ్లు చెమర్చాయి. పోయిన చెయ్యి తెచ్చిస్తున్నాననుకున్నాడు.

చివర్లో తలకట్టును కిందికి లాగి ‘ర’ మీద కూర్చోబెట్టాడు. వెల్డ్ కొట్టాడు. ఈసారి నా చేతిలో తలకట్టు ఊడదు అన్నయ్యా, అనుకున్నాడు. పాత ట్రేస్ ఎందుకని దాని మీదే సేవ్ చేశాడు. అన్న రాసిన కాగితమేమో, పీకేసిన స్టిక్కరు ముక్కలకి అతుక్కుని, వాటితో పాటే చెత్తలోకి పోయింది.

షాపు తెరిచే రోజు అన్న వచ్చాడు. ఎడంచేతిలో కర్ర, కుడిపక్కన వదిన. మనిషి సగం అయిపోయాడు. చొక్కా మాత్రం ఇస్త్రీది, నలగలేదు. తమ్ముడు అద్దం పక్కన పిలవని పేరంటానికొచ్చినవాడిలా నిలబడ్డాడు. అన్న అద్దం వంక చూశాడు. అలవాటు చొప్పున వెనక్కి జరిగి మళ్లీ చూశాడు. ముఖం మీద నవ్వు సిద్ధంగా ఉన్నట్టే ఉంది. అది అక్కడే ఆగిపోయింది.

"బాగున్నాయి. ఎవరివి?" అన్నాడు, మాట ముద్దముద్దగా.

"ఎవరివేంటి అన్నయ్యా? నీవే. కాస్త సాపు చేశానంతే."

అన్న కర్రని వదినకిచ్చి, వేలితో ‘ర’కీ తలకట్టుకీ మధ్య తడిమాడు. అక్కడ సందు లేదు.

"అంటించేశావు."

"వెల్డ్ చేశాను. ఈసారి ఊడదు."

"ఊఁ. ఊడదులే ఇక," అని వదిన చేతిలో కర్ర తీసుకున్నాడు. "పద, నిలబడలేకపోతున్నాను" అన్నాడు ఆమెతో. కూతురు తెచ్చిన కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది.

వాళ్లు సందు తిరిగాక అన్న కూతురు తమ్ముడి ముందుకొచ్చి నిలబడింది.

"దిద్దొద్దన్నాను కదా బాబాయ్."

"వణుకుతున్నాయే అక్షరాలు! నలుగురూ చూస్తే మీ నాన్నకే కదా నామోషీ?"

"నాన్నకి లేని నామోషీ నీకెందుకు? వణుకు సంగతి వదిలెయ్. ఆ తలకట్టు నాన్న కావాలనే విడిగా పెట్టాడు. మొదట కలిపే రాశాడు. రాసి, చించేసి, ఇంకో కాగితం అడిగాడు. విడదీసి పెట్టి ఒక్కడే నవ్వుకున్నాడు, జబ్బు చేశాక మొదటిసారి. ‘ఈ గుండు చూడగానే మీ బాబాయ్ నవ్వుతాడు. నవ్వితే ఇంటికి రమ్మను’ అన్నాడు. ముందే చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు నా చేత."

తమ్ముడు వెనక్కి తిరిగాడు.

షాపుకొచ్చి ఫైలు తెరిచాడు. నున్నటి అక్షరాలు, అన్నవీ కావు, తనవీ కావు. తలకట్టును కోసి పక్కకి జరిపాడు. సందైతే వచ్చింది. పిట్ట మాత్రం ఎగరలేదు. పాయింట్లు అటూ ఇటూ లాగి వణుకు తెప్పించబోయాడు. అన్నని వెక్కిరిస్తున్నట్టుంది. మౌస్ వదిలేశాడు.

చివరికి మిషన్ మీద ఒక్క తలకట్టు మాత్రం కోసుకుని, వెనక కాగితంతో సహా జేబులో వేసుకుని అన్న ఇంటికి నడిచాడు. గుమ్మం పక్కన గోడకి ఆ పాత నిచ్చెన ఇంకా ఆనించే ఉంది. దాని మెట్ల మీద తడి తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి. వదిన తలుపు సగం తీసింది.

"పడుకున్నారయ్యా. ఏమైనా చెప్పమంటావా?"

లోపలి నుంచి దగ్గు వినిపించింది. నిద్రలో దగ్గే దగ్గు కాదది. వదిన తల దించుకుంది.

"ఏం లేదు వదినా. ఊరికే ఇటొచ్చాను."

తలుపు మూసుకుంది. తమ్ముడు జేబులో చెయ్యి పెట్టాడు. తలకట్టు కాగితం నుంచి లేచి బొటనవేలికి అతుక్కుంది. దులిపాడు. పోలేదు.