పన్నెండు అణాల హద్దు

భాస్కర్ నా బోరు ఫ్యూజులు పీకి చొక్కా జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఆ చొక్కా కుట్టింది నేనే. కోడేరులో టైలర్ షాపు పెట్టి ఇరవై ఏళ్లయింది. ఎందరికో జేబులు కుట్టాను గానీ, నా బోరుకే ఎసరు పెట్టే జేబు కుడతానని కలలో కూడా అనుకోలేదు.

మా రెండెకరాల చెలకకు పడమటి పక్క భూమిని మొన్న ఎండాకాలంలో భాస్కర్ కొన్నాడు. కొన్నవాడు ఊరుకోక జేసీబీ పెట్టి నడిమి గట్టంతా చదును చేశాడు. దాంతో హద్దు రాయి కనబడకుండా పోయింది. తర్వాత జితేందర్ అనే ప్రైవేటు సర్వేయర్‌ను తెచ్చాడు. ఆ అబ్బాయి మా తూర్పు మూలరాయి నుంచి సర్వే మిషన్‌తో మూడు వందల ఒక్క అడుగు కొలిచి, సున్నంతో గీత గీశాడు. మా బోరు ఆ గీతకు తొమ్మిది అడుగులు అవతల పడింది.

"షాహెదక్కా, నేనేం జబర్దస్తీ చేస్తలేను. మిషనే చెప్పింది. నా భూమిల ఉన్న బోరు నాదే గద," అన్నాడు భాస్కర్.

మూడు చోట్ల వేయిస్తే దుమ్మే లేచి, నాలుగోసారికి నీళ్లు పడ్డ బోరు అది. పల్లి చేను మొత్తం దాని మీదే బతుకుతోంది. సరిగ్గా ఊడలు దిగే వేళ నీళ్లు ఆగితే చేతికి ఆకు తప్ప కాయ రాదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏ కాగితం చూసి కొలిచావో ఇవ్వమని జితేందర్ మీదికి పోయాను. పాపం, మంచివాడే. పాత సర్వే కొలతలు రాసి ఉండే టిప్పన్ నకలు తీసి ఇచ్చాడు.

మా నాన్న చోటే మియా సర్వే ఆఫీసులో ముప్పై ఏళ్లు భూమి కొలిచే గొలుసు లాగిన మనిషి. ఇప్పుడు ఎనభై రెండేళ్లు, రెండు కళ్లూ కనబడవు. ఇంటికి వచ్చి ఆయనకు కాగితం చదివి వినిపించాను.

"మన చెలక వెడల్పు తొమ్మిది, నడుమ చిన్న గీత, పన్నెండు అని ఉంది అబ్బాజాన్."

"ఆ పిలగాడు ఎన్ని అడుగులు ఏసిండు?"

"మూడు వందల ఒకటి."

నాన్న వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "తొమ్మిది పాయింటు పన్నెండు అనుకున్నడు! గొలుసును నూరు భాగాలు చేసిండు. మన గొలుసు ముప్పై మూడు అడుగులు, దానికి పదహారు అణాలు బేటీ. పన్నెండు అణాలంటే ముప్పావు గొలుసు!"

తొమ్మిది గొలుసులకు రెండు వందల తొంభై ఏడు అడుగులు. ముప్పావు గొలుసుకు ఇంకో ఇరవై నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాలు రావాలి. ఆ అబ్బాయి నాలుగే వేశాడు. ఇరవై అడుగులకు పైగా భూమి కాగితం మీదే మాయమైంది, బోరుతో సహా.

మర్నాడు పొద్దున్నే నాన్నను, అటక మీది ఇనుప గొలుసును ఆటోలో ఎక్కించుకుని చెలకకు పోయాను. భాస్కర్‌ను, జితేందర్‌ను రమ్మని ముందే ఫోన్ చేశాను.

"చిచ్చా, బర్రెను కట్టేసేటందుకు తెచ్చినవా?" అని భాస్కర్ నాన్నను చూసి పకపకా నవ్వాడు.

"పాత గొలుసు గద తాతా, సాగి ఉంటది," అన్నాడు జితేందర్.

"టేపు పెట్టి చూడు బిడ్డా," అన్నాడు నాన్న.

చూస్తే ముప్పై మూడు అడుగుల మీద అర అంగుళం వచ్చింది.

"యాభై ఏండ్లల్ల అర ఇంచు సాగింది," అన్నాను భాస్కర్‌తో. "నీ నడుము ఐదేండ్లల్లనే నాలుగించులు పెరిగింది. కొలిచింది నేనే." తర్వాత జితేందర్ వైపు తిరిగాను. "నీ ఎత్తెంత తమ్ముడూ?"

"ఐదూ ఆరు అక్కా."

"అంటే?"

"ఐదడుగుల ఆరించులు. ఐదున్నర."

"మరి ఐదు పాయింటు ఆరు అని ఎందుకు కొలుస్తలేవు? ఈ గొలుసుకు పదహారు అణాలు. లెక్కపెట్టుకో."

అతను గొలుసును నేల మీద పరిచి ఒక్కొక్క భాగం ఎంచాడు. టిప్పన్ చూశాడు. ముఖం ఎర్రబడింది. "గిట్ల ఉంటదని మాకెవ్వరు చెప్పలేదక్కా," అని, ఎవరూ అడగకుండానే గొలుసు రెండో కొస పట్టుకున్నాడు.

మూలరాయి దగ్గర మొదలుపెట్టాం. నాన్న నా భుజం పట్టుకుని నడిచాడు. తొమ్మిది గొలుసులు అయ్యాక కూర్చుని, నాలుగేసి అణాలకు ఉన్న ఇత్తడి బిళ్లలను వేళ్లతో తడిమాడు. మూడో బిళ్ల దగ్గర ఆగాడు. అది బోరు దాటి, భాస్కర్ కొత్తగా దున్నిన దుక్కిలో పడింది.

"గీడ తవ్వుండ్రి. రాయి తల ఇరిగినా మొదలు యాడికి పోదు."

"నేనే తవ్వి చూపిస్త. ఏముంటది, మట్టి తప్ప!" అని భాస్కర్ గడ్డపార అందుకున్నాడు.

ఒక పోటు వేశాడు. మట్టి. రెండోది మరింత లోతుకు దిగింది. మళ్లీ మట్టే. నాకు భయం వేసింది. జేసీబీ రాయిని మొదలంటా పెకిలించి ఉంటే మా మాట ఎవరు నమ్ముతారు?

నాన్న మాత్రం కదల్లేదు. "గొలుసుకు అర ఇంచు సాగిందన్నరు గద. పది గొలుసులకు ఐదించులు ఎక్కువ పోయినం. జర ఇవతలికి జరిగి వెయ్యి బిడ్డా."

భాస్కర్ ఐదు అంగుళాలు ఇవతలికి జరిగి వేశాడు.

ఖంగుమంది.

జితేందర్ మోకాళ్ల మీద కూర్చుని చేతులతో మట్టి తోడాడు. తల విరిగిన హద్దు రాయి, మొదలు భూమిలో నిటారుగా నిలబడి ఉంది. నాన్న చేతిని తీసుకెళ్లి దాని మీద పెట్టాను. ఆయన ముఖం వెలిగిపోయింది. నాకైతే చెలకంతా వినబడేలా అరవాలనిపించింది. అరిచాను కూడా.

భాస్కర్ గడ్డపార కింద పెట్టాడు. జేబులో చెయ్యి పెట్టి ఫ్యూజులు తీసి, తల వంచుకునే నా ముందు పట్టాడు. "తీసుకో అక్కా. నాది తప్పయింది."

"నాకొద్దు. పీకినోడివి నువ్వే పెట్టు," అన్నాను.

అతను స్టార్టర్ డబ్బా దగ్గరికి పోయి ఫ్యూజులు పెట్టి, బటన్ నొక్కాడు. పైపు రెండుసార్లు దగ్గింది. ఆ తర్వాత నీళ్లు పడే చప్పుడుకు నాన్న తల ఎత్తి అడిగాడు, "నిండు పైపు వస్తున్నదా బేటీ?"

"నిండు పైపు అబ్బాజాన్," అన్నాను.